ఆ బండి వేరు, మన బండి వేరు తమ్ముడూ

ఈమధ్యన ఏ కుర్రోడి ఫోన్ చూసినా అమెరికా పాత పికప్ బళ్ళ వీడియోలే. నేలని రాసుకుంటా పోతన్నట్టు ఉంటాయి. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. అవి చూసి మన సరుకు బండిని కూడా అలాగే దించీమని గేరేజీకి తోలుకెళ్తన్నోళ్ళు ఉన్నారు. వెనక కమాను కట్టలోంచి ఒకటో రెండో పట్టీలు పీకీడం, లేపోతే గ్యాసుతో కాల్చి వంపు తీసీడం. గంటలో పని అయిపోతాది. తర్వాత ఏటవుతాదో చెప్పేవోడు లేడు. అందుకే ఇది రాస్తన్నాను.

ముందు ఆ బళ్ళ సంగతి చూద్దాం. 1963 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే సీ10కి ముందు చక్రాలు దేనికది విడిగా కదుల్తాయి, కాయిల్ స్ప్రింగుల మీద. వెనక కూడా చాలావాటికి కాయిలే. ఇరుసుని పట్టుకోడానికి వేరేగా రెండు పొడుగు చేతులుంటాయి. అదే కాలంలో ఫోర్డు ఎఫ్100 ఉంది. 1965 నుంచి దానికి ముందు రెండు ఇనప దూలాలు, వాటి మీద కాయిళ్ళు. వెనక మాత్రం కమాన్లు.

రెండూ ఒకే దేశం బళ్ళు, ఒకే పనికి చేసినవి. అయినా దించే పద్ధతి ఒకటి కాదు. షెవర్లేకి ముందు కాయిల్ మార్చి, చక్రం తగిలించే స్పిండిల్ మార్చి దించుతారు. ఫోర్డుకి కాయిల్ ఒక్కటే కోసీస్తే చక్రాలు పైన లోపలికి వాలిపోయి టైరు లోపలి అంచు అరిగిపోతాది. అందుకని దూలాలే వేరేవి వేస్తారు. వెనక కమాన్లున్న బండికైతే కమాను కిందున్న ఇరుసుని పైకి మారుస్తారు. అప్పుడు ఇరుసు ఛాసిస్‌కి తగులుతాది గనక, ఛాసిస్‌ని అక్కడ గాడిలా కోసి, చుట్టూ మందం రేకుతో మళ్ళీ బలం కడతారు. ఇంత చేసి వాళ్ళు ఆ బండి మీద బస్తాలెయ్యరు. అది షోకు బండి.

మరి మనదో? బొలేరో పికప్ కింద దూరి చూడు. నిచ్చెనలాంటి ఛాసిస్: రెండు పొడుగు దూలాలు, మధ్యన అడ్డ దూలాలు. వెనక కమాన్లు. ఈ కమాను రెండు పనులు చేస్తాది. బరువు మొయ్యడం ఒకటి, ఇరుసుని దాని చోట పట్టి ఉంచడం రెండోది. షెవర్లేకి ఉన్నట్టు వేరే చేతులు లేవు. పెద్ద పట్టీ ఇరిగితే ఇరుసు వంకరపోతాది, బండి పక్కకి లాగీస్తాది.

ఖాళీ బండికి వెనక ఎత్తుగా ఎందుకుంటాదని ఎప్పుడైనా అనుకున్నావా? ఆ ఎత్తు లోడు కోసం ఉంచిన జాగా. ఉద్దానంలో జీడిపిక్కల బస్తాలు ఎత్తినప్పుడు బండి దిగాల్సిన జాగా అది. ముందే దించీస్తే, లోడు పడ్డాక ప్రతి గోతిలోనూ ఇరుసు వెళ్ళి ఛాసిస్‌ని కొడతాది. ఆ దెబ్బలకే చీలిక మొదలవుతాది.

లెక్క కూడా చూడు. ఒకే మందం పట్టీలు ఐదు మోసే బరువుని నాలుగు మొయ్యాలంటే, ఒక్కోదాని మీద నాలుగో వంతు అదనం. కాల్చితే ఇనుముకి పదును పోతాది. మీ ఊరి కమ్మరి తాతని అడుగు, చెప్తాడు. ఇంకోటి: కొన్ని బళ్ళకి వెనక బ్రేకు ఎంత పట్టాలో చెప్పే వాల్వు ఇరుసుకి కట్టి ఉంటాది. బండి దిగితే లోడుందనుకుని ఆ వాల్వు బ్రేకు ఎక్కువ ఇస్తాది. ఖాళీ బండి వానలో వెనక చక్రాలు బిగిసిపోయి జారిపోతాది.

అలాగని పట్టీ అదనంగా ఏసీసి ఎక్కువ లోడెత్తడం కూడా తప్పే. కమాను గట్టిపడతాది గానీ ఛాసిస్, ఇరుసు, బ్రేకులు అవే పాతవి.

చట్టం కూడా తెలుసుకో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని మార్పు ఒక్కోదానికీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

జరిమానా అయితే కట్టుకుంటావు. కానీ నాట్లకీ, జీడి తోటలకీ మన అమ్మలు, అక్కలు ఎక్కేది ఈ బళ్ళ వెనకే. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదు, నిజమే. బస్సు లేని ఊళ్ళో ఎక్కకేం చేస్తారు? ఇరిగిన పట్టీ ఖరీదు వాళ్ళు కట్టాల్సొస్తాది. దాని గురించి అడిగే హక్కు మాకుంది.

సోకు చేసుకో, వద్దనను. రంగులెయ్యి, స్టిక్కర్లంటించు, లైట్లు తుడిచి మెరిపించు. ఎత్తు మాత్రం ముట్టుకోకు. రేపు పొద్దున్న బండి కిందకి ఒకసారి దూరు. పట్టీలు లెక్కపెట్టు, ఎక్కడైనా గీత పడిందేమో చూడు. యూ బోల్టులు బిగువుగా ఉన్నాయా? ఛాసిస్‌కీ ఇరుసుకీ మధ్యనున్న రబ్బరు నలిగిపోయిందా? అనుమానముంటే లారీల ఊరు సాలూరు మనకి దగ్గరే. సుంకి ఘాటీ ఎక్కి దిగే బళ్ళకి కమాన్లు కట్టే మేస్త్రీలు అక్కడున్నారు. వీడియోని పక్కన పెట్టి వాళ్ళని అడుగు.