ఎండ మండినంత మాత్రాన ఎడారి కాదు

ఛత్తీస్‌గఢ్‌లో భిలాయి ఉక్కు నగరాన్ని ఆనుకుని ఉన్న రైల్వే పట్టణం చరోదా. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరువవుతుంది. వడగాడ్పు వీచే రోజుల్లో ఎడారిలో ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ చరోదాది ఎడారి వాతావరణం కాదు; అసలు పొడి వాతావరణమే కాదు. మన అనంతపురం పొడి ప్రాంతమే, అయినా ఎడారి కాదు. మరి ఎడారిని గుర్తించేదెలా?

వాన ఎంత పడిందన్నదొక్కటే చాలదు. ఆ నీటిని ఎండ ఎంత వేగంగా ఆవిరి చేస్తుందో కూడా చూడాలి. వాతావరణ శాస్త్రవేత్త వ్లాదిమిర్ కొప్పెన్ వర్గీకరణలో దీనికి ఒక సూత్రం ఉంది. మన దేశంలో మాదిరిగా వర్షం ఎక్కువ భాగం ఏప్రిల్–సెప్టెంబరు మధ్య కురిసే చోట, ఏడాది సగటు ఉష్ణోగ్రతను 20తో హెచ్చించి 280 కలపాలి. సగటు 27 డిగ్రీలైతే 820 మిల్లీమీటర్లు వస్తుంది. వాన అంతకన్నా తక్కువైతే అది పొడి వాతావరణం. అందులో సగానికి, అంటే 410 మిల్లీమీటర్లకు కూడా చేరకపోతే ఎడారి. ఈ రెండింటి నడుమ ఉన్నది అర్ధశుష్క వాతావరణం.

చరోదా ప్రాంతంలో ఏటా 1,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అనంతపురంలో సుమారు 550, రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో దాదాపు 200 మిల్లీమీటర్లు. మూడు చోట్లా వేసవి ఎండ తీవ్రమే, వాతావరణాలు మాత్రం వేరు. ఎడారికి వేడి తప్పనిసరి కూడా కాదు. చలికి గడ్డకట్టే లద్దాఖ్‌లోని లేహ్ కూడా ఎడారే. అక్కడ వాన, మంచు కలిపినా ఏటా సుమారు 100 మిల్లీమీటర్లే.

ఇసుక దిబ్బలు చెప్పేది

నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకోవడంతో అనంతపురం వానచాటు ప్రాంతమైంది. తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాల వానా తక్కువే. ఈ జిల్లాలోని బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి (హగరి) నది ఇసుకను గాలి పొలాల మీదికి మోసుకొస్తుంది. ఆ దిబ్బలు చూసి ఎడారి వచ్చేసిందనుకోవడం సహజం. నిజానికి అక్కడ దెబ్బతింటున్నది నేల. పొడి ప్రాంతాల్లో వాతావరణ ఒడిదొడుకుల వల్ల, మనుషుల పనుల వల్ల నేల సారం కోల్పోవడాన్నే 'ఎడారీకరణ' అంటారు.

ఈ తేడా తెలియడం రైతుకు ముఖ్యం. వానచాటును ఎవరూ మార్చలేరు. కానీ 550 మిల్లీమీటర్ల వానను చెరువుల్లో, కుంటల్లో నిలుపుకోవచ్చు. గాలికి అడ్డుగా చెట్లు పెంచి ఇసుకను ఆపవచ్చు. ఆ అవకాశం చేజారకుండా చూసుకోవడమే ఇప్పుడు అసలు పని.