వేడి చిమ్నీ, తడిగుడ్డ

చిత్తూరు దగ్గర మా ఊళ్లో కరెంటు పోయిన ఓ రాత్రి, వెలుగుతున్న లాంతరు చిమ్నీకి పట్టిన మసి తుడుద్దామని తడిగుడ్డ పెట్టాను. టప్‌మని పగిలింది. ఓ ముక్క తమ్ముడి అరికాల్లో దిగింది. "కాలిన గాజుకు తడి తగిలితే ఊరుకుంటాదా నాయనా!" అంది అవ్వ.

ఎందుకో తిరుపతిలో ఇంజనీరింగ్‌కొచ్చాక తెలిసింది. గాజులో వేడి నెమ్మదిగా పాకుతుంది. తడి తగిలిన పైపొర ముడుచుకోబోతే, ఇంకా వేడిగా ఉన్న లోపలి భాగం ముడుచుకోనివ్వదు. గాజు నొక్కితే ఓర్చుకుంటుంది గానీ లాగితే ఓర్చుకోదు. కంటికి కనపడని గీతల దగ్గర చీలిపోతుంది.

లెక్క చూడండి. మామూలు గాజు ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో సుమారు 9 వంతులు సాగుతుంది. యంగ్ గుణకం 70 గిగాపాస్కల్స్. 100 డిగ్రీల తేడా వస్తే ప్రతిబలం దాదాపు 63 మెగాపాస్కల్స్! గీతలు పడ్డ గాజుకు అది భరించలేని బరువు. ల్యాబ్‌లోని బోరోసిలికేట్ బీకరు సాగేది 3.3 వంతులే, కాబట్టి ప్రతిబలమూ మూడో వంతే.

మామూలు గాజు మెత్తబడాలంటే 500 డిగ్రీలు దాటాలి. అంతవరకూ నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారితే దానికేం కాదు. అందుకే, ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు గ్లాసులో కాగే టీ పోసేముందు కాస్త ఆగండి. తమ్ముడి కాలి మచ్చ ఇంకా పోలేదు.