ట్రిగ్గర్ మార్చితే గురి కుదురుతుందా? స్పోర్ట్ రైఫిల్‌లో ‘సింగిల్ స్టేజ్’ ట్రిగ్గర్ వెనుక అసలు లెక్క ఇదీ!

రైఫిల్ బరువు సుమారు 3 కిలోలు. దాని ట్రిగ్గర్ నొక్కడానికి కావాల్సిన బలం మాత్రం 3.5 కిలోలు! వినడానికి వింతగా ఉన్నా, అమెరికాలో షూటింగ్ రేంజ్‌లకు వెళ్లేవాళ్లు చాలామంది కొనే ఏఆర్-15 తరహా రైఫిళ్లలో ఇది మామూలే. అందుకే అక్కడ రైఫిల్ కొన్న తర్వాత చాలామంది ముందుగా మార్చే భాగాల్లో ట్రిగ్గర్ ఒకటి. కంపెనీ ఇచ్చింది తీసేసి, వేరే కంపెనీ తయారుచేసిన ‘సింగిల్ స్టేజ్’ ట్రిగ్గర్ బిగించుకుంటారు. ధర సుమారు 100 నుంచి 300 డాలర్లు.

మరి ఇంత చిన్న భాగం మారిస్తే నిజంగా గురి కుదురుతుందా? ఒలింపిక్ షూటర్లు ఎలాంటి ట్రిగ్గర్లు వాడతారు? తేలిక చేస్తే వచ్చే ప్రమాదం ఏంటి? అమెరికాలో ఉన్న మన విద్యార్థులు ఎందుకు జాగ్రత్తగా ఉండాలి? వివరంగా చూద్దాం.

ట్రిగ్గర్ లోపల ఏం జరుగుతుంది?

ట్రిగ్గర్ అంటే మనకు బయటికి కనిపించే వంకర ముక్క ఒక్కటే కాదు. లోపల స్ప్రింగ్ బలంతో ముందుకు దూకడానికి సిద్ధంగా ఓ సుత్తి లాంటి భాగం ఉంటుంది. దాన్ని హ్యామర్ అంటారు. అది కదలకుండా ఓ చిన్న కొక్కెం పట్టుకుని ఉంటుంది. దాని పేరు సియర్. మనం ట్రిగ్గర్ నొక్కితే ఆ కొక్కెం జారుతుంది, హ్యామర్ దూకుతుంది, తూటా పేలుతుంది.

అంటే హ్యామర్‌ను ఆపి ఉంచేది ఒకదానికొకటి ఆనుకున్న రెండు ఉక్కు అంచులే. ఆ అంచులు ఎంత నున్నగా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి ఎంత మేర ఆనుకున్నాయి, వెనుక స్ప్రింగ్ ఎంత గట్టిది... వేలికి తెలిసేదంతా వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

సింగిల్ స్టేజ్, టూ స్టేజ్.. తేడా ఏంటి?

బండి బ్రేక్ లివర్‌ను గుర్తు చేసుకోండి. నొక్కగానే మొదట కొంత దూరం ఖాళీగా వస్తుంది. దాన్ని మెకానిక్‌లు ‘ప్లే’ అంటారు. ఆ తర్వాతే బ్రేక్ పట్టుకుంటుంది. టూ స్టేజ్ ట్రిగ్గర్ కూడా అంతే. మొదట కాస్త తేలిగ్గా వెనక్కి వస్తుంది, ఒకచోట ఆగినట్టు తెలుస్తుంది, అక్కడి నుంచి ఇంకొంచెం నొక్కితే పేలుతుంది.

సింగిల్ స్టేజ్‌లో ఆ ప్లే ఉండదు. వేలు ఆనించగానే గోడను తాకినట్టు ఉంటుంది. బలం పెంచుతూ పోతే ఒక్కసారిగా విడిపోతుంది, ఎండిన కందిపుల్ల విరిగినట్టు. మంచి సింగిల్ స్టేజ్ ట్రిగ్గర్‌కు గుర్తు అదే.

నిజానికి చౌక రైఫిళ్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చే ట్రిగ్గర్లు కూడా చాలావరకు సింగిల్ స్టేజే. కాకపోతే అవి గరుకుగా ఉంటాయి. నొక్కుతుంటే ఇసుకలో జరిగినట్టు కొద్దికొద్దిగా కదులుతాయి, ఎప్పుడు పేలుతుందో తెలియదు. మార్పిడి ట్రిగ్గర్‌తో వచ్చే తేడా ప్రధానంగా పనితనంలోనే. అంచులు నున్నగా, కొలతలు కచ్చితంగా ఉంటాయి. ఏఆర్ తరహా రైఫిళ్లకైతే ట్రిగ్గర్, సియర్, హ్యామర్ అన్నీ ఫ్యాక్టరీలోనే అమర్చిన చిన్న లోహపు పెట్టెలా దొరుకుతాయి.

గట్టి ట్రిగ్గర్‌తో గురి ఎందుకు తప్పుతుంది?

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. భుజం నుంచి రైఫిల్ మూతి దాకా సుమారు మీటరు దూరం ఉందనుకుందాం. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఆ మూతి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు. 100 మీటర్ల దూరంలోని టార్గెట్ దగ్గర ఆ తేడా 10 సెంటీమీటర్లు అవుతుంది!

ఇప్పుడు మొదట చెప్పుకున్న విషయానికి వద్దాం. మూడు కిలోల వస్తువును కదలకుండా పట్టుకుని, దాని మీదే అంతకంటే ఎక్కువ బలం పెట్టాలి. ఆ బలం నూటికి నూరుపాళ్లు నిటారుగా వెనక్కే పడితే ఫర్వాలేదు. కానీ వేలు కాస్త పక్కకు తోసినా రైఫిల్ కదిలిపోతుంది. అమెరికా సైన్యం వాడే ఎం4 రైఫిల్‌కు ట్రిగ్గర్ బరువు 5.5 నుంచి 9.5 పౌండ్ల మధ్య, అంటే 2.5 నుంచి 4.3 కిలోల మధ్య ఉండొచ్చు. పౌరులు కొనే ఏఆర్ రైఫిళ్లలో చాలావాటికి అదే నమూనా ట్రిగ్గర్ వస్తుంది. మార్పిడి సింగిల్ స్టేజ్ ట్రిగ్గర్లు ఎక్కువగా 3 నుంచి 4.5 పౌండ్లు, అంటే 1.4 నుంచి 2 కిలోల మధ్య ఉంటాయి.

మారేది ఏంటి? మారనిది ఏంటి?

ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ట్రిగ్గర్ మార్చినంత మాత్రాన రైఫిల్ కచ్చితత్వం పెరగదు. గొట్టం అదే, తూటా అదే. రైఫిల్‌ను కదలని స్టాండ్‌లో బిగించి పేలిస్తే పాత ట్రిగ్గర్‌తో, కొత్త ట్రిగ్గర్‌తో ఫలితం దాదాపు ఒకేలా వస్తుంది. తగ్గేది షూటర్ వల్ల వచ్చే కదలిక మాత్రమే.

అలాగే శబ్దానికి, భుజానికి తగిలే దెబ్బకు ముందే బెదిరి కళ్లు మూసుకునే అలవాటు ఉంటే ఏ ట్రిగ్గరూ కాపాడలేదు. అందుకే తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే ‘డ్రై ప్రాక్టీస్’ను కోచ్‌లు గంటల తరబడి చేయిస్తారు. బరువు ఎక్కువైనా శుభ్రంగా విడిపోయే ట్రిగ్గర్, తేలికైనా గరుకుగా ఉండే ట్రిగ్గర్ కంటే మేలు.

ఒలింపిక్ షూటర్లు ఎంత తేలిక ట్రిగ్గర్ వాడతారు?

* 10 మీటర్ల ఎయిర్ రైఫిల్: హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన ఈవెంట్ ఇదే. ట్రిగ్గర్‌కు కనీస బరువు నిబంధన లేదు. చాలామంది 100 గ్రాములకు అటూఇటుగానే పెట్టుకుంటారు. టార్గెట్‌లో 10 పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లే మరి!
* 10 మీటర్ల ఎయిర్ పిస్టల్: కనీసం 500 గ్రాములు ఉండాలి.
* 25 మీటర్ల పిస్టల్: మన హైదరాబాదీ ఈషా సింగ్ ఆడే ఈవెంట్లలో ఇదొకటి. కనీసం 1000 గ్రాములు ఉండాలి. అధికారులు ట్రిగ్గర్‌కు బరువు వేలాడదీసి పరీక్షిస్తారు.
* అమెరికా సర్వీస్ రైఫిల్ పోటీలు: ఏఆర్ తరహా రైఫిళ్లకు కనీసం 4.5 పౌండ్లు, అంటే సుమారు 2 కిలోలు ఉండాలి.

అంటే ‘ఎంత తేలికైతే అంత మంచిది’ అనుకుంటే పొరపాటే. ఏ ఆటకు ఆ లెక్క ఉంది. ఒలింపిక్ షూటర్ రేంజ్‌లో నిలబడి, ఒకే దిక్కుకు, అధికారుల కళ్ల ముందు కాలుస్తారు. చేతికి గ్లౌజ్ వేసుకుని అడవిలో నడిచే వేటగాడి పరిస్థితి వేరు. అక్కడ 100 గ్రాముల ట్రిగ్గర్ అంటే ప్రాణాంతకమే.

మరి కంపెనీలు గట్టి ట్రిగ్గర్లే ఎందుకు ఇస్తాయి?

ఖర్చు తగ్గించుకోవడం ఒక కారణం. రెండోది, అంతకంటే పెద్దది... భయం. కింద పడినా, దుమ్ము పట్టినా, కొత్తవాడి చేతిలో పడినా రైఫిల్ దానంతటది పేలకూడదు. పేలితే కోర్టు కేసులు తప్పవు. అందుకే కొంత బరువు అదనంగా ఉంచుతారు. ఆ అదనపు బరువే ఒక రక్షణ. షూటర్లకు అది నచ్చకపోవడంతో మార్పిడి ట్రిగ్గర్ల వ్యాపారం పుట్టింది. ఈ రంగంలో పేరున్న టిమ్నీ కంపెనీ 1946 నుంచి ట్రిగ్గర్లు తయారు చేస్తోంది.

ట్రిగ్గర్ తేడా వస్తే ఏమవుతుంది? రెమింగ్టన్ పాఠం

అమెరికాలో బాగా అమ్ముడైన వేట రైఫిళ్లలో రెమింగ్టన్ మోడల్ 700 ఒకటి. 1962లో వచ్చింది. ట్రిగ్గర్ నొక్కకుండానే పేలుతోందంటూ దీనిపై ఏళ్ల తరబడి ఫిర్యాదులు వచ్చాయి. 2000లో మోంటానా రాష్ట్రంలో ఓ కుటుంబం వేట ముగించుకుంది. రైఫిల్‌ను ఖాళీ చేద్దామని తల్లి సేఫ్టీ మీట జరపగానే తూటా దూసుకెళ్లింది. అటువైపు ఉన్న తొమ్మిదేళ్ల కొడుకు చనిపోయాడు. తమ రైఫిళ్లు సురక్షితమేనని కంపెనీ వాదిస్తూ వచ్చింది. చివరికి లక్షలాది రైఫిళ్లకు ట్రిగ్గర్లు మార్చి ఇచ్చేలా కోర్టులో ఒప్పందం కుదిరింది.

పాత ట్రిగ్గర్ స్థానంలో తెచ్చిన ‘ఎక్స్-మార్క్ ప్రో’కూ ఇబ్బంది తప్పలేదు. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైన ఆ ట్రిగ్గర్లున్న మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లను 2014 ఏప్రిల్‌లో కంపెనీయే వెనక్కి పిలిచింది. కారణం ఏంటో తెలుసా? అతికించడానికి వాడే పదార్థం కొన్ని ట్రిగ్గర్లలో కాస్త ఎక్కువ పడటం!

ఫ్యాక్టరీలోనే ఇంత జరిగితే, ఇంట్లో బల్ల మీద స్ప్రింగ్‌లు కత్తిరించి, సియర్ అంచులు అరగదీసే వాళ్ల సంగతేంటి? అనుభవమున్న గన్‌స్మిత్‌లు వద్దనేది అందుకే. మార్చాలనుకుంటే పూర్తి సెట్‌గా వచ్చే ట్రిగ్గర్‌నే, ఆ మోడల్‌కు సరిపోయేదే, అర్హత ఉన్నవాళ్లతోనే బిగించుకోవాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. బిగించాక సేఫ్టీ పట్టుకుంటోందా, కుదుపుకు హ్యామర్ జారుతోందా అన్నది ఖాళీ రైఫిల్‌తో తేల్చుకున్నాకే రేంజ్‌కు వెళ్లాలి. సేఫ్టీ మీట కూడా ఓ యంత్ర భాగమే, అదీ ఫెయిల్ కావచ్చు. తుపాకీ మూతి ఎప్పుడూ మనిషి వైపు ఉండకూడదన్న నియమమే చివరి రక్ష.

అమెరికాలో మన విద్యార్థులూ.. ఇది గమనించండి

2024 నవంబర్‌లో అమెరికాలో తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి ఓ తెలుగు విద్యార్థి ప్రాణాలు కోల్పోయిన విషాదం గుర్తుండే ఉంటుంది. అక్కడ తుపాకీ దుకాణాలు కనిపిస్తుంటాయి కాబట్టి ఎవరైనా కొనొచ్చని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. తెలియక చేసినా వీసాకే ముప్పు.

ఇంకో గీత కూడా ఉంది. మార్పిడి సింగిల్ స్టేజ్ ట్రిగ్గర్ బిగించినా ఒక్కసారి నొక్కితే ఒక్క తూటానే పేలుతుంది. ఒక్క నొక్కుకు వరసగా పేలేలా మార్చితే అది 1934 నాటి చట్టం ప్రకారం మెషీన్ గన్ కిందికి వస్తుంది. తీవ్రమైన నేరం అవుతుంది.

మన దేశంలో మార్చుకోవచ్చా?

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి తెప్పించుకునే వస్తువు కాదిది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధం విడిభాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. తుపాకీ రిపేరు చేయాలన్నా లైసెన్స్ ఉండాల్సిందే. 10 మీటర్ల పోటీల్లో వాడే 0.177 క్యాలిబర్, 20 జౌల్స్ లోపు ఎయిర్ రైఫిళ్లకు మాత్రం లైసెన్స్ అక్కర్లేదు. మన దగ్గర పిల్లలు షూటింగ్ మొదలుపెట్టేది చాలావరకు వీటితోనే. పోటీ ఎయిర్ రైఫిళ్లలో ట్రిగ్గర్ బరువు, స్థానం సర్దుకునే స్క్రూలు ముందే ఉంటాయి కాబట్టి వేరే ట్రిగ్గర్ కొనే అవసరమూ రాదు. కోచ్ దగ్గర ఉండి సెట్ చేయిస్తే సరిపోతుంది.

చివరిగా..

వేలల్లో తూటాలు కాల్చి, తన తప్పు ఎక్కడుందో తెలిసిన షూటర్‌కు మంచి సింగిల్ స్టేజ్ ట్రిగ్గర్ నిజంగానే ఉపయోగపడుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అదే డబ్బును శిక్షణకు, ప్రాక్టీస్‌కు పెడితే ఫలితం ఎక్కువ. ట్రిగ్గర్‌లో తగ్గించే ప్రతి గ్రామూ గురికి సాయం చేయొచ్చు. కానీ పొరపాటు జరిగే ప్రమాదాన్ని కూడా పెంచుతుంది. ఆ గ్రాముల స్థానంలో క్రమశిక్షణ వచ్చి చేరితేనే అది అప్‌గ్రేడ్. లేదంటే రిస్కే.