పుట్టికి తారు పూయడానికి ఊరెళ్లాం!

"మీ ఇంట్లో ఎవరికైనా పడవ ఉందా?"

ఆఫీసు కాల్‌లో ఈ మాట అడిగింది అమెరికాలోని అరిజోనాలో ఉండే మా టీమ్ పెద్దాయన. ఆయనా, ఆయన భార్యా ఏటా అక్టోబరు చివర్లో కారు నిండా సామాన్లు వేసుకుని మెక్సికో వెళ్తారు. నొగాలెస్ దగ్గర సరిహద్దు దాటి, ఎర్మొసీయో మీదుగా దక్షిణానికి నాలుగొందల కిలోమీటర్లకు పైగా పోతే సాన్ కార్లోస్ అనే సముద్రతీరపు ఊరొస్తుంది. వాళ్ల తెరచాప పడవ ఉండేది అక్కడే. నీళ్లలో కాదు, ఒడ్డున యార్డులో, ఇనప స్టాండ్ల మీద. వేసవి నుంచి తుఫాన్ల కాలం కాబట్టి అమెరికా, కెనడా వాళ్లు చాలామంది పడవల్ని పైకి తీయించి అక్కడ వదిలి వెళ్తారట. చలికాలం ముందు తిరిగొచ్చి, అడుగు గీకి, రంగు వేసి, మళ్లీ సముద్రంలోకి దించుతారట.

"పని రెండు వారాలు, షికారు ఒక వారం" అని నవ్వాడాయన. ఫొటో కూడా చూపించాడు. దుమ్ములో, ఎండలో, గీకుడు బిళ్ల పట్టుకుని పడవ కింద పడుకుని ఉన్నారు మొగుడూ పెళ్లాలు. ఇంత కష్టం దేనికి సామీ అనుకున్నాను. ఆయన ప్రశ్నకు "లేదండీ" అని చెప్పేశాను.

కాల్ అయ్యాక పక్కనే లాప్‌టాప్‌తో కూర్చున్న మా ఆవిడ అడిగింది. "అదేంటి? మామయ్య పుట్టి పడవ కాదా?"

నిజమే. నాకు తట్టనే లేదు.

ఏ నందవరం?

నందవరం అనగానే చాలామంది బనగానపల్లె దగ్గర చౌడేశ్వరీదేవి గుడి ఉన్న ఊరు అనుకుంటారు. మాది అది కాదు. కర్నూలు జిల్లా పడమటి వైపు, ఎమ్మిగనూరు పక్కనున్న నందవరం. మా ఊరు ఆ మండలంలో తుంగభద్ర ఒడ్డున ఉంటుంది. ఎగువన మంత్రాలయం, దిగువన సుంకేసుల. ఏరు దాటితే తెలంగాణ.

ఇప్పుడు నాగలదిన్నె దగ్గర వంతెన ఉంది కాబట్టి బండి మీద దాటేస్తున్నారు. నా చిన్నప్పుడు మాత్రం అవతలి ఒడ్డున పెళ్లయినా, చావయినా, పశువులకు గడ్డి కావాలన్నా మా ఊళ్లో పుట్టే దిక్కు. అందులో ఒకటి మా నాయనది.

చూడనివాళ్ల కోసం చెప్తాను. పుట్టి అంటే గుండ్రంగా ఉండే పెద్ద వెదురుబుట్ట. వెదురు బద్దలతో అల్లి, బయటివైపు పట్ట చుట్టి, తారు పూస్తారు. పూర్వం పట్టకు బదులు తోలు కప్పేవాళ్లు. సుమారు 1520లో విజయనగరం చూడటానికొచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పాయెస్, ఇదే తుంగభద్రలో ఆనెగొంది వైపు జనం బుట్టల్లాంటి గుండ్రటి పడవల్లో దాటుతున్నారని రాశాడు. పదిహేను ఇరవై మంది పడతారనీ, ఎద్దులనూ గుర్రాలనూ కూడా దాటిస్తారనీ, తెడ్డు వేస్తుంటే గిరగిరా తిరుగుతూ పోతాయనీ వివరించాడు. ఇరాక్‌లో టిగ్రిస్ నది మీద 'కుఫ్ఫా' అనే బుట్టపడవకు కూడా మనలాగే తారు పూసేవాళ్లు. అయిదొందల ఏళ్ల కిందట పాయెస్ చూసిన బుట్టకూ మా నాయన బుట్టకూ తేడా ఏంటంటే తోలు పోయింది, యూరియా సంచి వచ్చింది. అంతే.

అమ్మేయమని చెప్పడానికే...

మే మొదటి వారంలో సెలవు పెట్టి మేమిద్దరం హైదరాబాద్ నుంచి బయల్దేరాం. నాయనతో అన్న మాట 'పుట్టి పనికి సాయం చేస్తాం' అని. నా మనసులో ఉన్నది వేరు. దాన్ని వదిలించేయాలి.

దానికి కారణం ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ గేటు మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తారు. డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ దించేదాకా దిగువ ఊళ్లలో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. నేను హైదరాబాద్‌లో టీవీ చూస్తూ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాను. ఆ మర్నాడు సాయంత్రం మా నాయన ఏం చేశాడంటే, ఒడ్డున ఉన్న పుట్టిని పైకి లాగాలని చీకట్లో ఒక్కడే పోయి, బురదలో జారిపడ్డాడు. మోకాలు వాచిపోయింది. నాలుగు రోజుల తర్వాత గానీ అమ్మ నాతో చెప్పలేదు.

అరవై దాటిన మనిషి. వంతెన వచ్చాక దాటించే పని లేదు. చేపలు పట్టేది కూడా ఏడాదిలో కొన్నాళ్లే. మరి ఆ బుట్ట దేనికి? ఇదీ నా వాదన. జడ్చర్ల దాటేదాకా మా ఆవిడకు ఇదే చెప్తూ వచ్చాను. ఆమె అంతా విని "ముందు పని చేద్దాం, తర్వాత చెప్పు" అంది.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో హైవే వదిలి, గద్వాల, అయిజ మీదుగా పులికల్ చేరితే ఎదురుగా తుంగభద్ర. మేలో చూస్తే అది ఏరంటే నమ్మరు. ఇసుక, బండలు, అక్కడక్కడా మడుగులు. వంతెన మధ్యలో కారు ఆపమంది మా ఆవిడ. "ఇదేనా అంత వరదొచ్చిన ఏరు?"

ఇదే. 2009 అక్టోబరులో కర్నూలును ముంచింది, మంత్రాలయం మఠంలోకి నీళ్లు తెచ్చింది. నాగలదిన్నె వంతెనను కూడా వదల్లేదు. మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లు పట్టింది. అప్పుడు నేను ఆరో తరగతి. మా ఇంటి గోడ కూలిపోయింది. వీధుల్లో నిలిచిన నీళ్లలో నాయన పుట్టి వేసుకుని ముసలివాళ్లనూ పిల్లలనూ నలుగురేసి చొప్పున మెట్టకు చేర్చాడు. నేను కూడా అందులోనే పోయాను. భయమేసి వెదురు అంచు పట్టుకుంటే, చెయ్యి తీయమని నాయన కసురుకోవడం గుర్తుంది.

పదిహేడు చిల్లులు

మర్నాడు పొద్దున్నే ఉగ్గాని, బజ్జి తిని పనిలోకి దిగాం. ఎండ ముదరకముందే సగం అయిపోవాలి. పది దాటితే ఒడ్డున నిలబడలేం.

మొదటి పని చిల్లులు వెతకడం. నాయన పద్ధతి చాలా సులువు. పుట్టిని బోర్లించి, ఒకవైపు రాళ్ల మీద ఎత్తిపెట్టి, కిందికి ఒక మనిషి దూరాలి. లోపల చీకటి. ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ ఎండ చుక్కలా కనిపిస్తుంది. నాయన మోకాలు వంగదు. నేను దూరబోతే మా ఆవిడ సుద్దముక్క లాక్కుని తనే దూరింది. లోపల్నుంచి ఒక్కొక్కటీ గుర్తు పెడుతూ లెక్క చెప్తోంది. "మామయ్యా, పదిహేడు!"

"పోయినేడు తొమ్మిదే" అన్నాడు నాయన. గొంతులో కొంచెం సిగ్గు. ఆ ఏడాది మోకాలితో పుట్టి దగ్గరికి ఎక్కువ పోలేదు మరి. ఎండకు తారు పగిలింది, అడుగున చెద కూడా పట్టింది.

రెండో పని గీకడం. పాత తారు పెచ్చుల్ని కొడవలి మొండితో తీయాలి. గట్టిగా గీకితే పట్ట చిరుగుతుంది, మెల్లగా గీకితే పెచ్చు రాదు. నాకు గంటలోనే అరచేతిలో బొబ్బలు లేచాయి. కీబోర్డు చేతులు కదా! సాన్ కార్లోస్ ఫొటో గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మూడో పని వెదురు. కుళ్లిన బద్దలు ఆరు. వాటిని కోసి తీసి, నీళ్లలో నానబెట్టిన కొత్త బద్దల్ని వంచి, పాత అల్లికలోకి ఒకటి పైనా ఒకటి కిందా వచ్చేలా దూర్చాలి. నానకపోతే విరుగుతాయి. నాయన కూర్చున్న చోటు నుంచే చెప్తున్నాడు. "దాన్ని బలవంతం చేయొద్దు. అదే వంగుతాది. పట్టుకోని ఊరికే ఉండు." నాలుగు విరగ్గొట్టాక నాకు చేతనైంది. మా ఆవిడ రెండు విరగ్గొట్టింది.

ఆ సాయంత్రం చిల్లులున్న చోట్ల యూరియా సంచి ముక్కలు కత్తిరించి, దబ్బనంతో కుట్టాం. అడుగు ఆరనిచ్చి మూడో రోజు తారు పెట్టుకున్నాం. పాత డబ్బాలో తారు గడ్డలు వేసి, కింద కంపకట్టెలతో సన్నటి మంట. మంట ఎక్కువైతే తారే అంటుకుంటుంది. నీటి చుక్క పడితే చిమ్ముతుంది. అందుకని ఆ దగ్గరికి చెంబు కూడా రానివ్వడు నాయన. కర్రకు గుడ్డ చుట్టి, వేడి మీదనే పూసుకుంటూ పోవాలి. ఆగితే గడ్డకడుతుంది. ఒక పూత ఆరాక రెండోది. ఆ వాసన మూడు రోజులు ఒంటిని వదల్లేదు.

ఆ మాట అడిగాను

రెండో పూత ఆరేదాకా వేపచెట్టు కింద కూర్చున్నాం. జొన్నరొట్టె, పప్పు తెచ్చింది అమ్మ. అప్పుడు అడిగాను. "నాయనా, ఇంక దీన్ని అమ్మేద్దామా? ఎవరికన్నా ఇచ్చేద్దాం."

నాయన కోప్పడలేదు. "అమ్మితే ఎవరు కొంటారప్పా?" అన్నాడు. నిజమే. మా ఊళ్లో ఒకప్పుడు ఏడెనిమిది పుట్లు ఉండేవి. ఇప్పుడు రెండు. కొత్తది అల్లే మనిషి ఊళ్లో లేడు. కొనేవాడూ లేడు.

"అమ్మేదానికి కాదు, వరదొచ్చినప్పుడు ఉంటాదని పెట్టుకోని ఉండా. పోయినేడు గేటు పోయిన్యాల పోలీసులొచ్చి ఎన్ని పుట్లు ఉండాయని అడిగిపోయిరి. రెండు అని చెప్పినాం. ఒకటి అని చెప్పాల్నా?"

నేను ఏం మాట్లాడలేదు. మా ఆవిడే అంది, "మామయ్యా, పుట్టి ఉండనీయండి. కానీ మీరు ఒక్కరే దాన్ని లాగితే ఎట్లా?"

అక్కడి నుంచి బేరం మొదలైంది. మేం మూడు షరతులు పెట్టాం. ఒకటి, జూన్ రాగానే పుట్టి ఒడ్డు మీంచి ఈ వేపచెట్టు దగ్గరికి రావాలి, వానాకాలమంతా ఇక్కడే ఉండాలి. రెండు, లాగేటప్పుడు పక్కింటి అన్నదమ్ములిద్దరినీ పిలవాలి. మూడు, నీళ్లలోకి దిగితే లైఫ్ జాకెట్ వేసుకోవాలి. జాకెట్లు హైదరాబాద్‌లోనే కొని కారు డిక్కీలో తెచ్చాం. నాయన మొదటి రెండిటికీ సరే అన్నాడు. జాకెట్ చూసి మాత్రం నవ్వాడు. "ఇది ఏసుకుంటే చేపలే నవ్వుతాయి" అన్నాడు. నేను వాదించాను. వేసుకుంటాననీ అనలేదు, వేసుకోననీ అనలేదు.

నాకు ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. చిన్నప్పుడు తెడ్డు ముట్టుకుంటే నాయన తిట్టేవాడు. నాకు చేతకాదని అనుకునేవాణ్ని. ఆ రోజు అమ్మ చెప్పింది. "నీకు ఆ పని వస్తే చదువు మానుకోని ఏట్లోనే ఉంటావని ఆయప్ప భయం." ఇంజినీరింగ్ చేసి ఉద్యోగం తెచ్చుకున్న నాకు ఇరవై ఏడేళ్లు వచ్చినా తెడ్డు వేయడం రాదు. వచ్చినవాడు మా ఇంట్లో ఒక్కడే. ఆయన మోకాలు వాచి ఉంది.

నీళ్లలోకి

నాలుగో రోజు పొద్దున నలుగురం కలిసి పుట్టిని మడుగులోకి దించాం. జాకెట్ వేసుకుంటేనే ఎక్కుతానని మా ఆవిడ ఒడ్డునే నిలబడిపోయింది. తను వేసుకుంది, నాకు వేసింది, మూడోది చేత్తో పట్టుకుని నాయన వైపు చూస్తూ ఉండిపోయింది. అయిదు నిమిషాలు గడిచాక ఆయన చెయ్యి చాపాడు.

తెడ్డు ముందు ఆమె చేతికే ఇచ్చాడు. పుట్టికి ముందూ వెనకా లేదు, చుక్కాని లేదు. పక్కన తెడ్డు వేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. పోవాల్సిన వైపు కూర్చుని, తెడ్డును ముందుకు చాపి నీళ్లను మనవైపు లాక్కోవాలి. ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. ఆమె మూడు చుట్లు తిరిగింది. నేను అయిదు. ఆరోసారి పుట్టి ఒక పది అడుగులు తిన్నగా పోయింది. "పోతాంది, పోతాంది" అన్నాడు నాయన. అంతకు మించి ఏం అనలేదు.

అడుగున చేత్తో తడిమి చూశాం. ఒక్కచోట తడి తగిలింది. "పద్దెనిమిదోది" అంది మా ఆవిడ. ఒడ్డుకు తెచ్చి, దానికీ తారు పెట్టాం.

మీరూ చూడాలనుకుంటే

ఈ పని చూడాలంటే ఏట్లో నీళ్లు తగ్గి, ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలలే సరైనవి. తారు ఆరేది అప్పుడే. వానాకాలంలో డ్యామ్ నుంచి నీళ్లు వదిలారని తెలిస్తే ఒడ్డుకు కూడా పోవద్దు. ఏ కాలమైనా, ఎవరు పిలిచినా, లైఫ్ జాకెట్ లేకుండా పుట్టి ఎక్కొద్దు. సరదాకి గిరగిరా తిప్పమని అస్సలు అడగొద్దు. వచ్చినప్పుడు ఎమ్మిగనూరు మగ్గాలు చూడండి, మంత్రాలయం ఎటూ దగ్గరే.

ఆ వారం తర్వాత ఆఫీసు కాల్‌లో మా పెద్దాయనకు చెప్పాను. "సారీ అండీ, మాకూ పడవ ఉంది." ఫొటో చూపిస్తే, తారు దేంతో పూశారని పది నిమిషాలు అడిగాడు.

జూన్ రెండో వారంలో నాయన ఫోన్ నుంచి ఒక ఫొటో వచ్చింది. తీసింది పక్కింటి పిల్లవాడు. వేపచెట్టుకు తాడుతో కట్టి, బోర్లించి ఉంది పుట్టి. దాని మీద ఆరేసిన నారింజరంగు జాకెట్. నీళ్లు కారుతున్నాయి. అంటే తడిసింది. అంటే వేసుకున్నాడు.