ఫ్రూట్ కేక్ – తీపి వెనుక చరిత్ర

ప్రతి పండుగకూ ఒక రుచి ఉంటుంది. ఉగాది అనగానే షడ్రుచుల పచ్చడి, సంక్రాంతి అనగానే అరిసెలు మనకు గుర్తుకు వస్తాయి. అట్లే ఇంగ్లాండులో క్రిస్మస్ అనగానే స్ఫురించేది ఎండు పండ్లతో నిండిన ఫ్రూట్ కేక్. చూడటానికి ఇది ఒక తినుబండారమే. కాని దీని చరిత్రను పరిశీలిస్తే ఆహారాన్ని నిలవచేసుకోవడానికి మానవుడు చూపిన నేర్పు, మత సంప్రదాయాలు, దూరదేశాల వర్తకం, శ్రమజీవుల కన్నీరు అందులో కలగలిసి కనిపిస్తాయి.

ఐరోపాలో శీతకాలం దీర్ఘమైనది. ఆ నెలలలో పూర్వం తాజా పండ్లు లభించేవి కావు. అందుచేత అక్కడివారు పండ్లను ఎండబెట్టి, లేదా చక్కెర పాకంలో ఊరవేసి దాచుకునేవారు. మనం వేసవిలో దొరికే మామిడికాయలను ఆవకాయగా మార్చి ఏడాది పొడవునా వాడుకోవడం వంటిదే ఇది. చక్కెర నీటిని తనలో బంధించి ఉంచడం వల్ల సూక్ష్మజీవులు పెరగడానికి కావలసిన తేమ వాటికి అందదు. కేకుపై చిలకరించే బ్రాందీ లేదా రమ్ బూజు పట్టకుండా కాపాడుతుంది. 2017లో అంటార్కిటికాలోని కేప్ అడేర్ వద్ద ఒక పాత గుడిసెలో ఫ్రూట్ కేక్ దొరికింది. 1910–1913 మధ్య సాగిన రాబర్ట్ స్కాట్ అన్వేషణ యాత్రకు చెందినవారు దానిని తెచ్చి ఉంటారని భావిస్తున్నారు. నూరేళ్లు దాటి డబ్బా తుప్పు పట్టినా, లోపలి కేకు దాదాపు తినదగినట్లే కనిపించింది.

పండ్లు కలిపిన పండుగ రొట్టెలు ఐరోపాలో అనేకం ఉన్నాయి. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో చేసే స్టోలెన్ వాటిలో ప్రసిద్ధమైనది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో వెన్న తినరాదన్న నియమం పూర్వం ఉండేది. 15వ శతాబ్ది చివర పోప్ ఆ నియమాన్ని సడలించిన తరువాతనే ఆ రొట్టెకు వెన్న రుచి దక్కింది. ఇంగ్లాండులో మొదట ఈ కేకును క్రిస్మస్ తరువాత పన్నెండవ రోజుకు, అనగా జనవరి 6న జరిపే వేడుకకు చేసేవారు. లోపల ఒక చిక్కుడుగింజ దాచేవారు. అది ఎవరి ముక్కలో వస్తే వారు ఆనాటి వినోదానికి రాజు. 19వ శతాబ్దిలో ఆ వేడుక క్షీణించగా, కేకు క్రిస్మస్ బల్లపైకి చేరింది. ఆగమన కాలానికి ముందు ఆదివారం నాడు కుటుంబంలోని వారందరూ క్రిస్మస్ పుడ్డింగ్ మిశ్రమాన్ని వంతులవారీగా కలుపుతూ మనసులో ఒక కోరిక కోరుకోవడం మరొక ఆచారం. తూర్పు దేశపు జ్ఞానుల స్మృతికై గరిటెను తూర్పు నుండి పడమరకు తిప్పుతారు.

ఈ తీపికి ఒక చేదు పార్శ్వం కూడా ఉంది. 18వ శతాబ్దిలో ఇంగ్లాండుకు చేరిన చక్కెరలో అధికభాగం కరీబియన్ దీవుల చెరకు తోటలదే. ఆ తోటలలో పనిచేసినవారు ఆఫ్రికా నుండి బలవంతంగా తరలించబడిన బానిసలు. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ నిర్మూలన చట్టం చేసింది. 1838 నాటికి వారికి పూర్తి విముక్తి లభించింది. యజమానుల పండుగ వంటకాన్ని ఆ ప్రజలు తమదిగా మలచుకున్నారు. ఎండు పండ్లను నెలల తరబడి రమ్‌లో నానబెట్టి, మాడ్చిన చక్కెరతో నలుపు తెచ్చి ‘నల్ల కేకు’ను సృష్టించారు. 1838లోనే భారతదేశం నుండి ఒప్పంద కూలీలు బ్రిటిష్ గయానాకు వెళ్లడం మొదలైంది. తరువాత మద్రాసు రేవు నుండి ఓడలెక్కినవారిలో తెలుగువారూ ఉన్నారు. నేటి గయానాలో భారత సంతతివారి ఇళ్లలోనూ క్రిస్మస్‌కు నల్ల కేకు కనిపిస్తుంది.

మన దేశంలో తొలి క్రిస్మస్ కేకును 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు అనే బేకరీ యజమాని తయారుచేశాడని ప్రసిద్ధి. మర్డాక్ బ్రౌన్ అనే ఆంగ్లేయుడు ఇంగ్లాండు నుండి తెచ్చిన కేకును రుచి చూపించి, అటువంటిదే చేయమని కోరాడట. బాపు విదేశీ బ్రాందీకి బదులు జీడిమామిడి పండ్లు, అరటిపండ్లతో కాచిన స్థానిక సారాను వాడాడని చెబుతారు. నేడు మన బేకరీలలో డిసెంబరులో అమ్మే ప్లమ్ కేకులలో పలుచోట్ల పచ్చి బొప్పాయి ముక్కలను చక్కెర పాకంలో ఊరించి, రంగులద్ది చేసిన టూటీ ఫ్రూటీ వేస్తారు. ప్లమ్ అనే మాటకు పూర్వం ఆంగ్లంలో ఎండుద్రాక్ష అనే అర్థం ఉండేది. అందువల్లనే ప్లమ్ పండు లేకున్నా ఆ పేరు నిలిచింది.

ఒక వంటకం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. అది చేరిన ప్రతిచోటా అక్కడి పంటను, అక్కడి చేతిని తనలో కలుపుకుంటుంది. పండుగనాడు ఫ్రూట్ కేక్ ముక్కను ఇరుగుపొరుగుతో పంచుకునేటప్పుడు దాని రుచితో పాటు, ఆ రుచికి మూల్యం చెల్లించినవారిని కూడా స్మరించడం మన ధర్మం.