స్మాల్‌టాక్: యంత్రముతో ముచ్చట

"కార్యక్రమము" అన్న మాట రేడియోవారికి నిత్యపరిచితము. ఏ నిమిషమున ఎవరు మాటలాడవలెనో, ఏ పాట తరువాత ఏ పాట రావలెనో ముందుగా వ్రాసియుంచుకొన్న పట్టికయే కార్యక్రమము. కంప్యూటరునకు వ్రాసియిచ్చు ఆదేశముల వరుసకును ప్రోగ్రామనియే పేరు. అట్టి ఆదేశములను వ్రాయుటకై మనుష్యులు కల్పించిన భాషలు వందలకొలది కలవు. జావా, పైథాన్ అను పేర్లు కళాశాలకు పోవు పిల్లలున్న యిండ్లలో తరచుగ వినబడును. స్మాల్‌టాక్ అను భాష పేరు వినినవారు మాత్రము అరుదు. కొన్ని నెలలుగా తీరిక వేళల మేము దీనిని నేర్చుకొనుచున్నాము. అందు మాకు బోధపడిన సంగతులను విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

స్మాల్‌టాక్ అనగా పిచ్చాపాటి. 1972లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, పాలో ఆల్టో నగరమందలి జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున ఈ భాష పుట్టినది. మూలమైన ఊహ అలన్ కే గారిది. దానిని యంత్రముపై నడిపించిన నేర్పు డాన్ ఇంగాల్స్ గారిది. దానిని తీర్చిదిద్ది లోకమునకు బోధించినవారిలో అడీల్ గోల్డ్‌బర్గ్ గారు ముఖ్యులు. దేవతల పేర్లు పెట్టుకొన్న పెద్ద వ్యవస్థలు చెప్పుకోదగిన పని యేదియు చేయకుండుట చూచి, కే గారు కావలెననియే ఇట్టి సామాన్యమైన పేరు నెన్నుకొనిరి. పిల్లలు సహితము స్వయముగా వాడుకొనగల, పుస్తకమంత కంప్యూటరు రావలెనని వారి ఆశయము.

కే గారు గణితముతోపాటు జీవశాస్త్రమును చదివినవారు. శరీరమందలి కణము తన లోపలి వ్యవహారమును తనలోనే ఉంచుకొని, తక్కిన కణములతో సంకేతముల మూలమున వ్యవహరించును. ప్రోగ్రామును గూడ అట్లే నిర్మింపవచ్చునని వారికి తోచినది. ఇందు ప్రతిదియు ఒక "వస్తువు". దానిచే పని చేయించుకొనవలెనన్న సందేశము పంపవలెనే గాని, దాని లోపల చేయి పెట్టరాదు. 1960ల నాటి నార్వే భాష సిమ్యులా ఈ దారిని ముందే చూపినది. స్మాల్‌టాక్ దానిని కడదాక సాగించినది. ఇచట అంకెయు వస్తువే, అక్షరమును వస్తువే, సత్యాసత్యములును వస్తువులే.

వాక్యనిర్మాణము మిక్కిలి సులభము. ముందు వస్తువు, తరువాత సందేశము. "100 ఫాక్టోరియల్" అని వ్రాసినచో, 1 మొదలు 100 వరకు గల సంఖ్యల నన్నిటిని గుణించి చెప్పుమని నూరను అంకెకు సందేశము పోవును. వెంటనే 158 స్థానములు గల సంఖ్య తెరపై నిలుచును. "రామా, రమ్ము" అని ముందు పిలిచి, పిమ్మట పని చెప్పు తెలుగువారికి ఈ క్రమము వింతగా తోచదు. వ్యాకరణమంతయు ఒక పోస్టుకార్డుపై ఇముడునని దీని అభిమానులందురు.

సులభమని యేమరినచో దెబ్బ తప్పదు. ప్రారంభ ప్రకటనకు 5 నిమిషములు, పదేసి నిమిషముల పాటలు మూడు. మొత్తమెంత కాలము పట్టునని మేము 5 + 10 * 3 అని వ్రాసి చూచితిమి. రావలసినది 35. యంత్రము 45 అనినది. మేము యంత్రమును తప్పుపట్టితిమి, తప్పు మాదే. గుణకారము ముందు చేయవలెనను బడి సూత్రము ఈ భాషలో లేదు. కూడిక, గుణకారము అన్నియు సందేశములే కనుక ఎడమనుండి వరుసగా పోవును. 5 + (10 * 3) అని కుండలీకరణము లుంచిన పిమ్మట 35 వచ్చినది. పది నిమిషముల తేడా మా వృత్తిలో చిన్నది కాదు.

ఈ భాష యొక్క అసలైన విశేషము వేరొకటి కలదు. తనకు తెలియని సందేశము వచ్చినప్పుడు వస్తువు "నాకు బోధపడలేదు" అని బదులు చెప్పును. పని ఆగి ఒక కిటికీ తెరచుకొనును. లోపించిన భాగమును అచటనే వ్రాసి, ఆగిన చోటినుండియే సాగింపవచ్చును. ప్రసారము నడచుచుండగనే తెగిన తీగను అతికినట్లు. దీనికి మూల్యము లేకపోలేదు. కొన్ని భాషలు ఇట్టి దోషములను పని ప్రారంభింపక ముందే పట్టి చూపును. ఇందు దోషము నడకలోనే బయటపడును. కావున ప్రతి భాగమును పరీక్షించుకొను అలవాటు తప్పనిసరి.

మరియొక హెచ్చరిక. ఇందు వ్యవస్థయంతయు అదే భాషలో వ్రాయబడి, మన కంటికి కనబడుచు, మార్చుటకు వీలుగా నుండును. ఒకనాడు మేము కుతూహలముచే దాని మూలమునే కదల్చి, తెర స్తంభించి, నాటి శ్రమ నంతయు పోగొట్టుకొంటిమి. మార్పునకు ముందు ఒక ప్రతి దాచుకొనుట నాడు నేర్చిన పాఠము.

ఇంత మంచి భాష ఏల ప్రచారమునకు రాలేదు? వ్యాపారసంస్థలు అమ్మిన ప్రతుల వెల యధికము. 1995లో వచ్చిన జావా ఉచితముగా దొరకినది. అయినను దీని సంతతి తక్కువది కాదు. 1979లో స్టీవ్ జాబ్స్ గారు ఆ పరిశోధనాలయమున కిటికీల తెరను, మౌసును చూచినది ఈ భాష నడచుచున్న యంత్రముపైననే. రూబీ మున్నగు భాషలు దీనికి ఋణపడినవి. పిల్లల కిష్టమైన స్క్రాచ్ యొక్క తొలిరూపము, 1996 నాటి స్క్వీక్ అను స్మాల్‌టాక్‌లోనే వ్రాయబడినది. ఆ స్క్వీక్ నుండి 2008లో చీలివచ్చిన ఫారో నేడు ఎవరికైనను ఉచితముగా లభించును. మేము నేర్చుకొనుచున్నది అదియే.

ఇంజనీరింగు చదువుచున్న మా అబ్బాయి, "ఇది వచ్చినవారికి ఉద్యోగములు దొరకునా, నాన్నా?" అని యడిగినాడు. బహు కొద్ది యని నిజమే చెప్పితిమి. కాని వస్తువనగా నేమో వానికి నిర్వచనము కంఠస్థమేగాని, ఏల యని యడిగినచో చెప్పలేకపోయెను. నాలుగు ఆదివారములు మా ప్రక్కన కూర్చుండి సందేశములు పంపి చూచినాడు. అటుపిమ్మట తన జావా ప్రోగ్రామును తానే కొట్టివేసి, సగము నిడివిలో తిరిగి వ్రాసికొన్నాడు. ఏల యట్లు చేసితివనగా, "ఒకదాని లోపల మరియొకటి చేయి పెట్టుచున్నది, నాన్నా" అనినాడు. ఉద్యోగము తెచ్చిపెట్టు భాషను పిల్లలు ఎట్లును నేర్చుకొందురు. అర్థము చెప్పు భాషకు గూడ నాలుగు ఆదివారములు కేటాయించిన నష్టము లేదని మా అనుభవము.