టీమ్ ప్రాజెక్టులో మీ ముక్క ఏది?

'ఫైనలియర్ ప్రాజెక్టు నలుగురం కలిసి చేశాం సర్' అని మీరు చెప్పగానే ప్యానెల్‌లో ఒకరు రెజ్యూమె నుంచి తలెత్తి అడిగే ప్రశ్న ఒకటుంది: 'సరే, అందులో మీరు చేసిందేంటి?' చాలామంది తడబడేది అక్కడే. 'అందరం అన్నీ చేశామండీ' అనేస్తారు. చెడ్డ జవాబేం కాదు కానీ, దాంతో మీ గురించి వాళ్లకు కొత్తగా తెలిసిందేమీ లేదు. మంచి జవాబు ఎలా ఉంటుందో తెలియాలంటే ముప్పై ఏళ్ల కిందటి ఓ కార్టూన్ ఎపిసోడ్ ఎలా తయారైందో చూడండి. ఎలాగూ కాసేపు నవ్వుకుంటారు కూడా.

అమెరికాలో ఫాక్స్ ఛానెల్‌లో 1989 నుంచి నడుస్తున్న యానిమేషన్ కామెడీ సిరీస్ 'ద సింప్సన్స్'. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే కల్పిత పట్టణం, అందులో పసుప్పచ్చ మనుషులు. మామూలుగా కథంతా హోమర్, మార్జ్, వాళ్ల ముగ్గురు పిల్లల చుట్టూ తిరుగుతుంది. 1996 ఏప్రిల్ 14న వచ్చిన '22 షార్ట్ ఫిల్మ్స్ అబౌట్ స్ప్రింగ్‌ఫీల్డ్' మాత్రం ఊరందరిదీ. హైవే వంతెన మీద పనీపాటా లేకుండా నిలబడిన బార్ట్, అతని దోస్తు మిల్‌హౌస్‌లకు ఓ సందేహం వస్తుంది... మన ఊళ్లో వాళ్ల జీవితాల్లో చెప్పుకోదగ్గవి జరుగుతాయా అని. ఇక వరసగా చిట్టి కథలు. లీసా జుట్టుకు చూయింగ్ గమ్ అంటుకుంటుంది. అక్కణ్నుంచి ఎగిరిన తేనెటీగ ఇంకెవర్నో కుడుతుంది. కుట్టించుకున్నాయన ఆసుపత్రికి చేరితే, కథ అక్కడి డాక్టర్ మీదికి మళ్లుతుంది. ఇలా ఒకటి వదిలిన చోట ఇంకోటి అందుకుంటుంది. పేరులో ఇరవై రెండు అన్నారు గానీ, లెక్కపెడితే అన్ని ఉండవు!

ఖాళీ నింపబోతే...

ఈ ఆలోచన ఎవరో మేధావి తీరిగ్గా కూర్చుని కనిపెట్టింది కాదు. 1993లో 'ద ఫ్రంట్' అనే ఎపిసోడ్ నిడివి తగ్గింది. ఆ కాస్త సమయం నింపడానికి చివర్లో నెడ్ ఫ్లాండర్స్ అనే పక్కింటాయన మీద ఓ బుల్లి కథ అతికించారు. దానికి వేరే టైటిల్, వేరే పాట. అసలు కథతో దానికి సంబంధమే లేదు. టీమ్‌కు అది తెగ నచ్చేసింది. మళ్లీ అలాంటిది పెడదామంటే తర్వాతి ఎపిసోడ్లలో ఖాళీ దొరకలేదు. చివరికి అప్పటి షో రన్నర్లు బిల్ ఓక్లీ, జాష్ వైన్‌స్టైన్ ఓ ఎపిసోడ్ మొత్తం బుల్లి కథలతోనే చేసేద్దామన్నారు. 1994లో వచ్చిన 'పల్ప్ ఫిక్షన్' సినిమాలో కథలు ఒకదాన్నొకటి తగులుతూ సాగే పద్ధతి కూడా వాళ్ల మనసులో ఉంది.

మరి ఎవరు ఏది రాయాలి? ఒక్కో రచయిత తనకిష్టమైన మూడు పాత్రల పేర్లు రాసి టోపీలో వేశారు. చీటీలు తీసి పంచుకున్నారు. మన హాస్టల్లో గది ఊడ్చే వంతు తేల్చుకున్నట్టే! డజను మంది దాకా రచయితలు, తలా ఓ ముక్క. అందరివీ కలిపితే మొదటి ప్రతి 65 పేజీలైంది. ఎపిసోడ్‌కు పట్టేది 42. అంటే మూడో వంతుకు పైగా పోవాలి. బాగా లేనివే పోయాయనుకోకండి. సమయం చాలక కొన్ని, మిగతా వాటితో అతకక కొన్ని పోయాయి. యానిమేషన్‌లో ఈ కోత కాగితం మీదే జరగడం మేలు. బొమ్మలు గీశాక తీసేస్తే ఎందరి శ్రమో వృథా.

చోటు దక్కని పాత్రల కోసం వాళ్లు చేసిన ఉపాయం చూడండి. లీసా జుట్టులో గమ్ ఎలా తీయాలో సలహా ఇవ్వడానికి ఊరి జనమంతా ఇంటి మీద పడతారు. వేరే ఎక్కడా కనిపించని పాత్రలన్నీ ఆ గుంపులో వచ్చేస్తాయి. ఇక ముక్కల వరస తేల్చి అతికించే పని వైన్‌స్టైన్, గ్రెగ్ డేనియల్స్ చూసుకున్నారు. ఒక దృశ్యం నుంచి ఇంకోదానికి కుదుపు లేకుండా మళ్లించాల్సిన బాధ్యత దర్శకుడు జిమ్ రీర్డన్‌ది. అతకని వాటిని ప్రకటనల విరామానికి ముందో వెనకో పెట్టారు, లేదా విడిగా ఓ పాట తగిలించారు. చూసేటప్పుడు ఈ అతుకుల పని మనకు కనిపించదు. నన్నడిగితే ఎపిసోడ్‌లో కష్టమైన ఉద్యోగం అదే.

పదమూడు అబద్ధాల భోజనం

ఓక్లీకి దక్కింది తనకిష్టమైన సూపరింటెండెంట్ చామర్స్. రెండున్నర నిమిషాల పైచిలుకు సన్నివేశం. ప్రిన్సిపల్ స్కిన్నర్ పై అధికారి చామర్స్‌ను ఇంటికి భోజనానికి పిలుస్తాడు. ఓవెన్‌లో మాంసం మాడి బొగ్గవుతుంది. కిటికీ దూకి పక్క హోటల్లో బర్గర్లు కొనుక్కొచ్చి, సొంత వంటేనని వడ్డిస్తాడు. అనుమానం వచ్చిన చామర్స్ ఒక్కో ప్రశ్న వేస్తుంటే, ఒక్కో అబద్ధం. వంటింట్లో మంటల వెలుగు కనిపిస్తే ధ్రువ ప్రాంతాల్లో ఆకాశంలో కనిపించే అరోరా కాంతులంటాడు! మొత్తం పదమూడు అబద్ధాలు, ఒకదాని కాలికి ఒకటి కట్టేసినట్టు. అంతకుముందు ఎపిసోడ్లలో ఈ ఇద్దరి మధ్యా ఉన్నది ఒకే జోకు: స్కిన్నర్ నమ్మశక్యం కాని అబద్ధం చెబుతాడు, చామర్స్ నమ్మేస్తాడు. ఓక్లీ కొత్త సరుకేం తేలేదు. చేతిలో ఉన్న ఆ ఒక్క జోకునే చివరిదాకా లాగాడు. 'స్టీమ్డ్ హామ్స్' పేరుతో ఆ సన్నివేశం రెండు దశాబ్దాల తర్వాత ఇంటర్నెట్‌లో మీమ్‌గా మారుమోగింది. మీలో చాలామంది ఎపిసోడ్ చూడకుండానే ఆ మీమ్ చూసి ఉంటారు.

అన్నట్టు, ఇందులో కిరాణా కొట్టు అపు కథ కూడా ఉంది. అయిదు నిమిషాలు కొట్టు కట్టేసి పార్టీకి పరిగెడతాడు. సరదాగానే ఉంటుంది కానీ, ఓ తెల్లజాతి నటుడు యాస పెట్టి పలికిన ఈ భారతీయ పాత్ర మీద తెలుగు మూలాలున్న అమెరికన్ కమెడియన్ హరి కొండబోలు 2017లో 'ద ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ తీశారు. దాని మీద పెద్ద చర్చే జరిగింది. అపుకు గొంతిచ్చిన హ్యాంక్ అజేరియా ఇక ఆ పాత్రకు చెప్పనని 2020లో ప్రకటించారు. ఎపిసోడ్‌తో పాటు ఆ డాక్యుమెంటరీ కూడా చూడండి.

ఆ టీమ్‌లో వాళ్లు తర్వాత ఏమయ్యారు? డేనియల్స్ అమెరికన్ 'ద ఆఫీస్'ను తీర్చిదిద్దారు. రీర్డన్ 'వాల్-ఈ' సినిమాకు సహ రచయితగా ఆస్కార్ నామినేషన్ అందుకున్నారు. డేవిడ్ కోయెన్ 'ఫ్యూచురామా'కు సారథి అయ్యారు. ఈయన హార్వర్డ్‌లో ఫిజిక్స్, బర్క్లీలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చదివి కామెడీ రాతలకు వచ్చిన మనిషి. బీటెక్ చేసి ఈ దారేంటని ఇంట్లో అడిగితే చెప్పడానికి పనికొస్తుంది!

మీ జవాబులో...

ఇప్పుడు మీ ప్రాజెక్టుకు వద్దాం. హాస్టల్ ఫీజుల యాప్ చేశారనుకోండి. 'గడువు దాటినవాళ్లకు మెసేజ్ పంపే భాగం నాది. ఒకే రోజు రెండు మెసేజ్‌లు వెళ్లే సమస్య వస్తే ఇలా సరిచేశాను. చాట్‌బాట్ కూడా అనుకున్నాం, సమయం చాలక వదిలేశాం. మా నలుగురి కోడ్ కలిపే పని చివరి రెండు వారాలు నేనే చూశాను.' ముక్క ఏది, ఏది కోసేశారు, ఎలా అతికించారు... మూడూ వచ్చేశాయి. ముక్క చిన్నదని సిగ్గుపడకండి, లోతుగా తెలిస్తే చాలు. ఎందుకంటే తర్వాతి ప్రశ్నలన్నీ దాని మీదే వస్తాయి. కలిపే పని మీరే చేసి ఉంటే అది తప్పకుండా చెప్పండి. చాలామంది దాన్ని పనిగానే లెక్కేయరు.

యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ వైపు వెళ్లాలనుకునే వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. 2008లో మొదలైన 'ఛోటా భీమ్'ను తయారుచేసిన గ్రీన్ గోల్డ్ హైదరాబాద్ స్టూడియోనే. ఇలాంటి చోట ఉద్యోగానికి డిగ్రీ కంటే ముందు షో రీల్ అడుగుతారు. రీల్‌తో పాటు 'షాట్ బ్రేక్‌డౌన్' జత చేయాలి. అంటే ఏ షాట్‌లో మీరు చేసిందేమిటో ఒక్కో వరసలో రాసిన జాబితా: స్టోరీబోర్డా, క్యారెక్టర్ కదలికా, బ్యాక్‌గ్రౌండా, లైటింగా అని. మీ దగ్గర గట్టిగా రెండు నిమిషాలే ఉంటే రెండు నిమిషాలే పెట్టండి. నిడివి పెంచడానికి పక్కవాళ్ల షాట్ కలపొద్దు. ఈ రంగంలో మనుషులు స్టూడియోలు మారుతూనే ఉంటారు. ఆ షాట్ చేసినవాళ్లే ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చుని ఉండొచ్చు.